విశాఖలో డిగ్రీ పిల్లల్ని రేపటి ఉద్యోగాలకు ఎలా తయారు చేయాలి

ఏటా జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి మన కాలేజీల్లో ఒక తంతు నడుస్తుంది. ఎవరో ఒకరిని పిలుస్తాం. వెనక ఫ్లెక్సీ కడతాం. ‘కృత్రిమ మేధ యుగంలో ఉద్యోగావకాశాలు’ అంటూ రెండు గంటలు చెప్పిస్తాం. శాలువా కప్పి, పిల్లలకు సర్టిఫికెట్లు పంచి, గ్రూప్ ఫొటో దిగుతాం. మర్నాడు అదే క్లాసులో ‘మన పోర్టు నుంచి ఏమేం ఎగుమతి అవుతాయి? ఆ సరుకు ఓడ ఎక్కేలోపు ఏయే కాగితాలు తయారవ్వాలి?’ అని అడగండి. ఫస్ట్ బెంచీ వాళ్లు కూడా నీళ్లు నములుతారు.

విశాఖలోనో, అనకాపల్లి, విజయనగరాల్లోనో మామూలు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ దగ్గర బడ్జెట్ లేదనీ, ల్యాబులో సగం కంప్యూటర్లే పనిచేస్తాయనీ, చాలామంది పిల్లలకు ఫోనే కంప్యూటర్ అనీ అనుకునే చెబుతున్నాను. నా అభిప్రాయం ఒకటే. ఈ ఊళ్లో జరిగే ఏదో ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో ముందు తెలియాలి. సాఫ్ట్‌వేర్, ఏఐ ఆ తర్వాత. మనం తలకిందులుగా చేస్తున్నాం. పనేంటో తెలియని పిల్లలకు పనిముట్లు నేర్పుతున్నాం.

ఒక సెమిస్టర్ చాలు. వారానికి రెండు పీరియడ్లు దొరికితే కింద చెప్పినవన్నీ చేయించవచ్చు.

ముందు మీ క్లాసులోనే వెతకండి

మొదటి వారం పిల్లలతో అర పేజీ రాయించండి. ‘మా ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారు? ఈ మధ్య ఆ పనిలో ఏం మారింది?’ తెలుగులోనే రాయమనండి. ఇంగ్లిష్‌లో రాయమంటే అందరూ ‘మా నాన్న కష్టజీవి’ అనే ఒకే వాక్యం రాసి ఇస్తారు.

తెలుగులో రాస్తే అసలు సంగతులు బయటికొస్తాయి. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు మీద పనిచేసే తండ్రి, డ్వాక్రా సంఘం లెక్కలు ఇప్పుడు ట్యాబ్‌లో ఎక్కిస్తున్న తల్లి, అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీకి వెళ్లే అక్క, పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టులు చేసే బావ, ఆటోనగర్‌లో లేత్ మీద ఉండే మావయ్య, ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఉన్న తాత. ప్లేస్‌మెంట్ సెల్ బయట వెతికే ‘ఇండస్ట్రీ కాంటాక్టులు’ సగం ఆ కాగితాల్లోనే దొరుకుతాయి.

సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు కూడా ప్రతి క్లాసులో ఒకడైనా ఉంటాడు. అందరి ముందు మాట్లాడటానికి అతను ఇష్టపడితే ఒక పీరియడ్ అతనికే ఇచ్చేయండి. ఆర్డర్ ఎవరికి ఇవ్వాలో ఎవరు తేలుస్తారు? ఇన్సెంటివ్ ఎలా కడతారు? వాన పడితే రేటు ఎందుకు మారుతుంది? రేటింగ్ పడిపోతే ఎవరికి చెప్పుకుంటావు? మద్దిలపాలెంలో ఖాళీగా ఉండే బదులు సిరిపురం వైపు వెళ్లి ఎందుకు నిలబడతావు? యాప్ కింద పనిచేయడం అంటే ఏమిటో ఏ మేనేజ్‌మెంట్ పుస్తకం కన్నా అతనే బాగా చెబుతాడు. మనిషి బదులు లెక్క సూత్రం పని పంచే పద్ధతి రేపు గోదాముల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో కూడా ఉంటుంది. అతను ఇప్పటికే దాని కింద పనిచేస్తున్నాడు. సిగ్గుపడితే మాత్రం బలవంతం చేయకండి. చెప్పినవి రాసుకుని, పేరు లేకుండా మీరే క్లాసులో చెప్పండి.

ఊరి పనుల్లోంచి ఒక్కటి ఎంచుకోండి

విశాఖలో పనులకు కొదవ లేదు. 1933లో మొదలైన పోర్టు, 1941లో వాల్‌చంద్ హీరాచంద్ శంకుస్థాపన చేయించిన షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం, గంగవరం పోర్టు, దువ్వాడ సెజ్, వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్, రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఆఫీసులు. 2025 అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతానని ప్రకటించాక మన ఇళ్లలో మాటలన్నీ అటే తిరిగాయి.

తల్లిదండ్రులు వచ్చి ‘మావాడికి గూగుల్‌లో వస్తుందంటారా, సార్?’ అని అడుగుతారు. ఉన్న మాట చెప్పండి. ఆ హబ్‌లో ముఖ్యమైనది డేటా సెంటర్, అంటే కంప్యూటర్ సర్వర్లు ఉండే పెద్ద భవనం. దాన్ని కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది. కట్టాక లోపల ఉండేవాళ్లు తక్కువ. వాళ్లలోనూ ఎక్కువ మంది కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ కేబుళ్లు, సెక్యూరిటీ చూసుకునేవాళ్లు. ఐటీఐ, డిప్లొమా పిల్లలకు అక్కడ మంచి అవకాశమే. కానీ దాన్ని చూపించి బీకాం పిల్లలందరినీ మూడు నెలల కోడింగ్ కోర్సుల్లో చేర్పించేవాళ్లను నమ్మవద్దని కూడా చెప్పండి. పెద్ద కంపెనీ చుట్టూ పుట్టే చిన్న కంపెనీల్లో బిల్లింగ్, కొనుగోళ్లు, రవాణా, జీతాల లెక్క చూసేవాళ్లు కావాలి. కామర్స్ పిల్లల చోటు అది.

ఒక సెమిస్టర్‌కు ఒకే పని పెట్టుకోండి. నేనైతే రొయ్యల ఎగుమతి తీసుకోమంటాను. చెరువు మన జిల్లాల్లో, ఓడ మన రేవులో, కొనేవాడు అమెరికాలో. మధ్యలో ఐస్, కోల్డ్ స్టోరేజీ, ల్యాబ్ పరీక్ష, బ్యాంకు, కస్టమ్స్, ఇన్సూరెన్స్, లారీ. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ చెరువు గట్టుదాకా వచ్చింది. బిజినెస్ అంటే ఏమిటో చెప్పడానికి వేరే కేస్ స్టడీ అక్కర్లేదు. మీకు ఫార్మాలో తెలిసినవాళ్లుంటే ఫార్మా తీసుకోండి, రుషికొండలో హోటల్ మేనేజర్ తెలిస్తే హోటల్ తీసుకోండి. లోపలికి రానిచ్చే మనిషి ఒకరు ఉండాలి. ఎంపికకు అదే కొలత.

కాగితం వెంట నడిపించండి

ఇండస్ట్రియల్ విజిట్ పేరుతో బస్సు కట్టించుకుని అరవై మందిని తీసుకెళ్తే గేటు, గార్డెన్, క్యాంటీన్ చూసి తిరిగొస్తారు. నలుగురేసి పంపండి. పాత పోస్టాఫీసు, పోర్టు ఏరియా వైపు సీహెచ్‌ఏ ఆఫీసులు ఉంటాయి. ఎగుమతి, దిగుమతిదారుల తరఫున కస్టమ్స్ పని చేసిపెట్టేవాళ్లు వీళ్లు. చిన్న గది, నాలుగు కుర్చీలు, గోడ పొడవునా ఫైళ్లు, మోగుతూనే ఉండే ఫోన్లు. ముందు ఫోన్ చేసి, రద్దీ లేని రోజు ఏదో కనుక్కుని పంపితే చాలామంది కాదనరు.

పిల్లలు అక్కడ చూడాల్సింది ఒక్క సరుకు తాలూకు కాగితాలు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఎగుమతి కోసం కస్టమ్స్‌కు దాఖలు చేసే షిప్పింగ్ బిల్లు, సరుకు అందుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్. ఏది ఎవరు ఇస్తారు? ఒకదాంట్లోని ఏ అంకె ఇంకోదాంట్లోకి వెళ్తుంది? తప్పు పడితే ఎక్కడ ఆగిపోతుంది? పేర్లు, రేట్లు కొట్టేసిన పాత కాపీ ఒకటి ఇవ్వగలరేమో మర్యాదగా అడగమనండి. ఇస్తే క్లాసుకు నెల రోజుల పాఠం దొరికినట్టే.

రొయ్యల్లో ఒక చిక్కు ముందే చెబుతాను, పిల్లలు అక్కడ తప్పకుండా తికమకపడతారు. చెరువు దగ్గర ‘50 కౌంట్’ అంటే కిలోకు యాభై రొయ్యలు. ఎగుమతి పెట్టె మీద ‘21/25’ అని ఉంటే పౌనుకు ఇరవై ఒకటి నుంచి ఇరవై అయిదు. రెండూ కౌంటే, కొలత వేరు. ఆ సంగతి తెలియనివాడు రెండు లిస్టులనూ ఒకే పట్టికలో కలిపేస్తే ఏ సాఫ్ట్‌వేరూ తప్పని చెప్పదు. చక్కగా కూడి చూపిస్తుంది.

తిరిగొచ్చాక రిపోర్టు రాయించకండి. నెట్‌లోంచి దించుతారు. బోర్డు మీద సరుకు నడిచే దారి గీయించండి. ఎక్కడ మనిషి నిర్ణయం తీసుకుంటాడు, ఎక్కడ కంప్యూటర్ తీసుకుంటుంది, ఎక్కడ పని ఆగుతుంది అన్నవి వేర్వేరు రంగుల్లో గుర్తు పెట్టమనండి.

కంటైనర్ నంబరు లెక్క

ఈ అభ్యాసం మీద కొంచెం ఎక్కువే రాస్తాను. పైసా ఖర్చు లేదు, బీఏ పిల్లలకైనా చెప్పవచ్చు.

గాజువాక నుంచి పోర్టు వైపు వెళ్లే రోడ్డు మీద ఏ కంటైనర్ లారీ వెనక చూసినా నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చివరి అంకె చుట్టూ సాధారణంగా చిన్న పెట్టె గీసి ఉంటుంది. అది తనిఖీ అంకె. ముందున్న పదింటితో లెక్క కడితే ఆ అంకె రావాలి. రాకపోతే నంబరు ఎక్కడో తప్పు పడింది.

లెక్క ఇలా. ఇంగ్లిష్ అక్షరాలకు వరసగా విలువలిస్తారు. ‘ఏ’కు 10తో మొదలు. కానీ 11, 22, 33 వదిలేస్తారు. కాబట్టి ‘బీ’కి 12, ‘సీ’కి 13, ‘కే’కు 21, ‘ఎల్’కు 23, ‘యూ’కు 32, ‘వీ’కి 34, అలా ‘జెడ్’కు 38. మొదటి స్థానాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, ఇలా రెట్టింపు చేసుకుంటూ పదో స్థానాన్ని 512తో గుణించాలి. అన్నీ కూడి 11తో భాగిస్తే వచ్చే శేషమే తనిఖీ అంకె. శేషం 10 వస్తే 0 వేస్తారు.

తరచూ ఉదాహరణగా చూపే నంబరు ఒకటి ఉంది: సీ ఎస్ క్యూ యూ 305438, చివర 3. అక్షరాల విలువలు 13, 30, 28, 32. గుణించి కూడితే మొత్తం 6,185. పదకొండు 562ల 6,182 పోగా మిగిలేది 3. సరిపోయింది. ఇప్పుడు 305438ని 305488 అని రాసి మళ్లీ కట్టించండి. మొత్తం 7,465, శేషం 7. తలుపు మీదేమో 3 ఉంది. ఎక్కడో పొరపాటు ఉందని పట్టుబడింది.

ముందు చేత్తో కట్టించండి. తర్వాత ఫోన్‌లోనే గూగుల్ షీట్స్‌లో ఫార్ములా రాయించండి. అక్షరాల విలువల పట్టిక ఒక పక్క పెట్టుకుని వీలుకప్‌తో తెచ్చుకోవాలి, గుణించాలి, కూడాలి, శేషం తీయాలి. ఎక్సెల్ పుస్తకంలో నాలుగు చాప్టర్లలో ఉండే విషయాలు ఈ ఒక్క లెక్కలో వచ్చేస్తాయి. మూడోసారి ఇదే పనిని ఏఐ చాట్‌బాట్‌తో చేయించి, అది ఇచ్చిన ఫార్ములాను చేత్తో కట్టిన జవాబుతో సరిచూడమనండి. 11, 22, 33 వదలాలన్న నియమం అది పాటించిందో లేదో వెతకమనండి. పాటించకపోతే ‘ఏ’ మినహా ప్రతి అక్షరం విలువా మారిపోతుంది. అయినా జవాబు మాత్రం ఏ తడబాటూ లేకుండా వస్తుంది.

తర్వాత ఒక చర్చ పెట్టండి. చాలా పోర్టుల్లో ఇప్పుడు గేటు దగ్గర కెమెరాలే నంబర్లు చదువుతున్నాయి. మరి గేటు దగ్గర గుమస్తా ఎందుకు? కెమెరా 3ను 8గా చదివింది, తనిఖీ అంకె కుదరలేదు, లారీ ఆగింది, వెనక ఇరవై లారీలు హారన్ కొడుతున్నాయి. అప్పుడు ఫొటో తెరిచి చూసి, కాగితంతో పోల్చి, డ్రైవర్‌తో మాట్లాడి, సరిచేసి, తన పేరు మీద పంపించే మనిషి కావాలి. అలాంటివాళ్లు ఒకప్పుడు పదిమంది ఉంటే ఇప్పుడు ఇద్దరు చాలు. ఆ ఇద్దరికి ఏమేం తెలిసి ఉండాలో పిల్లలతోనే జాబితా రాయించండి. మీ సిలబస్ అదే.

డేటాను శుభ్రం చేయడం

పిల్లలు చార్టులు, డ్యాష్‌బోర్డులు అంటారు. అసలు ఉద్యోగంలో సగం టైం పట్టేది దానికి ముందు పని. రెండు వందల వరసల పట్టిక ఒకటి మీరే తయారు చేసి ఇవ్వండి. ఊరి కాలమ్‌లో ఒకచోట ‘విశాఖపట్నం’, ఒకచోట ‘విశాఖపట్టణం’, ఇంకోచోట ‘వైజాగ్’, మరోచోట చివర స్పేస్ పడ్డ ‘విశాఖ ’ అని వేయండి. ఊరి వారీగా మొత్తాలు తీసే పివట్ టేబుల్ పెడితే నాలుగు ఊళ్లు కనిపిస్తాయి. తేదీలు కొన్ని రోజు ముందు, కొన్ని నెల ముందు ఉండేలా రాయండి. జీఎస్‌టీ నంబర్లలో ఒక అంకె తక్కువ పెట్టండి. ఆ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి, మొదటి రెండూ రాష్ట్రం కోడ్, మనకు 37, తెలంగాణకు 36. విజయవాడ చిరునామా పక్కన 36 కనిపిస్తే అడగాలన్న అనుమానం పిల్లలకు రావాలి.

ఈ లెక్కల మధ్యలో ఒక వల పెట్టండి. ఫిషింగ్ హార్బర్‌లో నెలవారీ చేపల అమ్మకాల పట్టిక ఊహించి తయారు చేయండి. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు అమ్మకాలు దాదాపు సున్నా. దీనికి కారణం చెప్పి సలహా ఇవ్వమనండి. ఏఐని అడిగి తెచ్చినవాళ్లలో కొందరు ‘వేసవిలో డిమాండ్ తగ్గింది, డిస్కౌంట్ పెట్టాలి’ అని రాసుకొస్తారు. ఇంకొందరు డేటా తప్పిపోయిందని సగటు వేసి నింపేస్తారు. మత్స్యకారులుండే జాలారిపేట నుంచి వచ్చే పిల్ల ఒక్కతి లేచి, ‘మేడమ్, అది వేట నిషేధం’ అంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మెకనైజ్డ్, మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. చెరువు రొయ్యలకు ఈ నిషేధం లేదు కాబట్టి రెండు పట్టికలు పక్కపక్కన పెడితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ఆ రోజు ఆ అమ్మాయికి క్లాసులో దొరికే గౌరవం వేరు. ఇంట్లో తెలిసిన సంగతులకు ఆఫీసులో విలువ ఉంటుందని ఆమెకే కొత్తగా తెలుస్తుంది.

సాధనాల విషయంలో ఎక్కువ ఆలోచించకండి. లిబ్రే ఆఫీస్ ఉచితం, గూగుల్ షీట్స్ ఉచితం. కామర్స్ వాళ్లకు ఖాతాలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ తప్పదు, చిన్న కంపెనీలు చాలావరకు దానిమీదే నడుస్తున్నాయి. డేటాబేస్‌లోంచి కావలసింది వెతికి తీసే ఎస్‌క్యూఎల్ రెండు మూడు వారాల్లో కావలసినంత వస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ ఇష్టమున్నవాళ్లకే చెప్పండి. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల కోర్సులు ఉచితంగా వినవచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు. సెమిస్టర్‌కు ఒక్క కోర్సు పూర్తి చేస్తే చాలనండి. పన్నెండింటిలో చేరి ఒక్కటీ ముగించని పిల్లలే ఎక్కువ.

ఏఐని వాడించండి, సరిచూడటం నేర్పండి

పిల్లలు అసైన్‌మెంట్లు ఏఐతో రాయించి తెస్తున్నారని స్టాఫ్‌రూంలో రోజూ గోల. పట్టుకునే సాఫ్ట్‌వేర్ల వెంట పడి టైం పోగొట్టుకోకండి. తెచ్చిన కాగితం మీద మూడు ప్రశ్నలు నోటితో అడగండి. రాసినది తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు ఫ్యాన్ వైపు చూస్తాడు.

సరిచూడటం నేర్పడానికి ఈ-ఇన్వాయిస్ నియమం, అంటే బిల్లును జీఎస్‌టీ కోసం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలన్న నియమం, బాగా పనికొస్తుంది. ఎంత టర్నోవర్ దాటితే ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి అన్నది మూడేళ్లలో ఆరుసార్లు తేలింది. 2020 అక్టోబరులో 500 కోట్ల రూపాయలతో మొదలై, 2021 జనవరికి 100 కోట్లకు, అదే ఏప్రిల్‌కు 50కి, 2022లో ముందు 20కి, తర్వాత 10కి, చివరికి 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లకు దిగింది. మీ లైబ్రరీలోని జీఎస్‌టీ పుస్తకం ఏ ఏడాది అచ్చయిందో దాన్నిబట్టి జవాబు మారుతుంది. ఏఐ కూడా ఏ కాలపు రాతలు చదివిందో దాన్నిబట్టి చెబుతుంది. కాబట్టి ప్రతి పిల్లవాడూ మూడు గడుల పట్టిక పెట్టుకోవాలి. ఏఐ ఏం చెప్పింది, నేను ఎక్కడ సరిచూశాను, తేడా ఏమిటి. రెండో గడిలో ప్రభుత్వ నోటిఫికేషన్ నంబరో, తేదీయో ఉండాలి. ‘గూగుల్’ అని రాస్తే మార్కులు లేవు. మార్కులన్నీ రెండో గడికే వేయండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. కంపెనీ బిల్లులు, కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్, పాన్ వివరాలు చాట్‌బాట్‌లో పడేయకూడదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లవాడు యజమాని రేట్ల పట్టికను బయటి సైట్‌లో ఎక్కించాడని తెలిస్తే ఆ ఆఫీసు తలుపు మీ కాలేజీకి మళ్లీ తెరుచుకోదు.

ఫోన్ చేయడం, మెయిల్ రాయడం

ఈ తరం పిల్లలు రోజంతా చాటింగ్ చేస్తారు గానీ తెలియని మనిషికి ఫోన్ చేయాలంటే చేతులు వణుకుతాయి. ఆ టెన్షన్ పోగొట్టడానికి క్లాసులోనే స్పీకర్ పెట్టి ఫోన్ చేయించండి. లారీ ఆఫీసుకు ఫోన్ చేసి విజయవాడకు బండి ఎప్పుడు ఉంటుంది, కిరాయి ఎంత, లోడింగ్ ఎవరిది అని కనుక్కోవాలి. అవతలివైపు ముందే మీరు ఏర్పాటు చేసిన పూర్వ విద్యార్థి ఉండి కాస్త విసుక్కుంటే ఇంకా మంచిది. ముందు తెలుగులో, తర్వాత హిందీలో, ఇంగ్లిష్‌లో. మూడు భాషల్లో పని నడిపేవాళ్లకు విశాఖలో గిరాకీ ఉంది, పోర్టు పని సగం హిందీలో జరుగుతుంది.

మెయిల్ విషయానికొస్తే, ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలయ్యే సెలవు చీటీ శైలి వదిలించాలి. ఇలా ఉంటే చాలు: ‘మేడమ్, 214వ ఇన్వాయిస్‌లో నికర బరువు 9,600 కిలోలు ఉంది. ప్యాకింగ్ లిస్టులో 9,060 ఉంది. ఏది సరైనదో ఈరోజు నాలుగింటిలోపు చెప్పగలరా? తేలగానే షిప్పింగ్ బిల్లు వేస్తాం. రెండు కాగితాలూ జతచేశాను.’ ఏం జరిగింది, ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి, తర్వాత ఏమవుతుంది. ముందు తెలుగులో ఈ నాలుగూ కుదిరితే ఇంగ్లిష్ చేయడం కష్టం కాదు. ఏఐతో ఇంగ్లిష్ చేయించుకున్నా పర్వాలేదు. అంకెలు మాత్రం తామే మళ్లీ చూసుకోవాలి.

ఒక దుకాణం పని నిజంగా చేయించండి

ఆటోనగర్ స్పేర్ పార్టుల షాపు, పూర్ణా మార్కెట్ కిరాణా హోల్‌సేల్, మీ వీధి మందుల షాపు. ఇద్దరేసి పిల్లలు ఆరు వారాలు, వారానికి ఒక పూట వెళ్లాలి. వాళ్లకు అప్పజెప్పే ప్రశ్న ఒక్కటే: ఏ సరుకు ఆరునెలలుగా కదలకుండా డబ్బు ఇరికించింది?

మొదటిరోజు యజమాని ‘ఏటి బాబూ, ఇవన్నీ మా బుర్రలోనే ఉంటాయి’ అంటాడు. నిజమే, ఉంటాయి. పిల్లలు వాదించకూడదు. ఒక అల్మారా సరుకు మాత్రం లెక్కపెట్టి, కొన్న తేదీ, చివరిసారి అమ్మిన తేదీ రాసి చూపించాలి. ఆ మొత్తం విలువ అంకెల్లో కనిపించాక రెండో అల్మారా చూపిస్తాడు. యజమాని చెప్పే కారణాలూ రాసుకోవాలి. పాత మోడల్ ట్రాక్టర్ పార్టు ఏడాదికి ఒకటే అమ్ముడవుతుంది, కానీ అది మన దగ్గరే ఉంటుందని పాడేరు నుంచి రైతు వస్తాడు, వచ్చినప్పుడు ఇంకో నాలుగు వస్తువులు కొంటాడు. సాఫ్ట్‌వేర్ దాన్ని పనికిరాని సరుకు అంటుంది. పిల్లల నోట్సులో ఇలాంటివి రెండైనా ఉంటే ఆరు వారాలూ వృథా పోలేదు.

ఇంటర్వ్యూకు తీసుకెళ్లడానికి ఈ నోట్సు, ఆ షీటు చాలు. రెజ్యూమేలో ‘డేటా అనలిటిక్స్‌లో ఆసక్తి’ అన్న వాక్యం తీసేసి, ఆ షాపులో ఏం లెక్కపెట్టారు, ఏం కనిపెట్టారు, యజమాని ఏం మార్చాడు అని మూడు లైన్లు రాయించండి.

ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్, మోసాలు

మన డిగ్రీ కోర్సుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉన్నాయి. చాలాచోట్ల తూతూమంత్రంగా జరుగుతాయి. డబ్బు తీసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు కాలేజీల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. వాళ్లను గేటు దగ్గరే ఆపండి. పైన చెప్పిన దుకాణం పని, సీహెచ్‌ఏ ఆఫీసు పని ఇంటర్న్‌షిప్‌గా చూపించడానికి మీ ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

డిగ్రీ అయ్యాక అప్రెంటిస్‌షిప్ అన్న దారి ఒకటుంది, బీకాం, బీఏ పిల్లల్లో చాలామందికి తెలియదు. 1961 అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ, డిప్లొమా చేసినవాళ్లకు నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్ ఉంది. స్టైపెండ్ వస్తుంది, నిర్ణయించిన కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. పోర్టు, షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు, రిఫైనరీ లాంటి పెద్ద సంస్థలు ప్రకటనలు ఇస్తుంటాయి. ఆఖరి సెమిస్టర్‌లో ఒక పూట కూర్చోబెట్టి, సర్టిఫికెట్లలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూపించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో ఆగిపోయే దరఖాస్తులు బోలెడు.

మోసాల గురించి ఒక పీరియడ్ పూర్తిగా పెట్టండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారం పిల్లలకు చెప్పండి. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను తీసుకెళ్లి, అక్కడ నిర్బంధించి, మనవాళ్లకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. వెళ్లినవాళ్లు చదువుకున్నవాళ్లే, కంప్యూటర్ వచ్చినవాళ్లే.

ఉద్యోగం ఇస్తామని ముందు డబ్బు అడిగితే వద్దు. విదేశమైతే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో నమోదై ఉందో లేదో చూడాలి. టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి పంపుతామంటే అక్కడితో మాట ఆపేయాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరి చేతికీ ఇవ్వకూడదు. బ్యాంకు ఖాతా అద్దెకిస్తే నెలకింత ఇస్తామనే ‘పార్ట్‌టైం జాబ్’ పట్టుబడితే కేసు ఖాతాదారు మీదే. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆఖరి సెమిస్టర్ వాట్సాప్ గ్రూపును ఫేర్‌వెల్ రోజు మూసేయకండి, ఇంకో ఏడాది ఉంచండి. ఏ ఆఫర్ లెటర్ వచ్చినా సంతకం పెట్టేలోపు దాని ఫొటో మీకు ఒకసారి పంపమనండి. కంపెనీ పేరు, మెయిల్ అడ్రసు, అందులో పెట్టిన షరతులు చూడటానికి మీకు పది నిమిషాలు పడుతుంది.